తోట అమ్మకు, కొట్టు ఖాళీ చెయ్యి

ప్రశ్న: అన్నయ్యగారూ, నమస్తే. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. నా వయసు 27. బీకాం అయ్యాక హైదరాబాద్‌లో ఒక రికార్డింగ్ స్టూడియోలో రెండేళ్లు అసిస్టెంటుగా చేశాను. కేబుళ్లు చుట్టడం, టీలు తేవడం, రాత్రిళ్లు కూర్చుని పాడినవాళ్ల శ్రుతి సరిచేయడం, ఇవే ఎక్కువ. నాన్నగారికి ఒంట్లో బాగోక నిరుడు ఇంటికి వచ్చేశాను. ల్యాప్‌టాప్ మీద ఎఫ్ఎల్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్‌లో ట్రాకులు కడతాను. చుట్టుపక్కల చర్చిలవాళ్లకి మూడు పాటలు చేశాను. ఒక జానపదం చేసి స్నేహితుడి చానెల్లో పెడితే జనం బాగానే చూశారు, నాకు మాత్రం పైసా రాలేదు. మ్యూజిక్ ప్రొడ్యూసర్‌గా నిలదొక్కుకోవాలని, సొంత స్టూడియో పెట్టాలని కోరిక. మేడ మీద రేకుల షెడ్డు వేసి, లోపల స్టూడియో కట్టి, సామానంతా తెచ్చి ఇవ్వడానికి ఒకాయన 14 లక్షలకి కొటేషన్ ఇచ్చారు. అందులో పెద్ద మిక్సర్, లక్షన్నర రూపాయల మైకు ఉన్నాయి. నాన్నగారు కాలవ గట్టున ఉన్న 30 సెంట్ల కొబ్బరితోట అమ్మేద్దాం అంటున్నారు. మావయ్యేమో "ప్రొడ్యూసర్ అంటే డబ్బులు పెట్టేవాడు కదరా, నువ్వెలా అవుతావు" అని నవ్వుతున్నాడు. కింద కాయలు పోసుకునే కొట్టు ఒకటి ఉంది కానీ చీకటిగా, పాతగా ఉంటుంది, చూసేవాళ్లకి స్టూడియోలా అనిపించదు. కోనసీమలో కూర్చుంటే పని దొరుకుతుందా, మళ్లీ హైదరాబాద్ వెళ్లిపోవాలా? తోట అమ్మమంటారా?
- పేరు రాయొద్దన్న పాఠకుడు

జవాబు:

తమ్ముడూ,

ఆఖరి ప్రశ్నకే ముందు జవాబు చెప్పేస్తాను. లేకపోతే ఇదంతా చదివినంతసేపూ నువ్వూ, మీ నాన్నగారూ టెన్షన్ పడుతూ కూర్చుంటారు. తోట అమ్మొద్దు. ముప్పై సెంట్ల తోట దింపు దింపుకీ, అంటే కాయలు దించిన ప్రతిసారీ, ఎంతో కొంత చేతిలో పెడుతుంది. స్టూడియో మొదటి రెండేళ్లు ఆ మాత్రం కూడా పెట్టదు. పని లేని నెలల్లో నీ కరెంటు బిల్లు కట్టేది ఆ కాయలే.

నీ ఉత్తరంలో నువ్వు తేలిగ్గా తీసిపారేసిన ముక్క ఒకటుంది. "కింద కొట్టు ఒకటి ఉంది కానీ" అని. నేను అక్కడే ఆగిపోయాను. దాని సంగతి చెబుతాను గానీ, ముందు మేడ మీది రేకుల షెడ్డు గురించి మాట్లాడుకుందాం.

పాలకొల్లులో నా మొదటి స్టూడియో కూడా మేడ మీదే, రేకుల కిందే. చవగ్గా అయిపోతుందని వేశాను. లోపల గోడలకి స్పాంజి అతికించి, కింద ఎర్ర తివాచీ పరిస్తే చూసినవాళ్లంతా ఆహా అన్నారు. ఆషాఢమాసంలో ఒక హరికథ భాగవతారుగారు వచ్చారు. రెండు గంటల కథ. గంటన్నర అద్భుతంగా నడిచింది. రేకు మీద మొదటి చినుకు టప్‌మన్నప్పుడు ఆయన ఆగలేదు. నాలుగైదు చినుకులు పడ్డాక నా వైపు చూశారు. ఆ తర్వాత నాకు నా మాటే వినపడలేదు. ఆయన చిడతలు ఒళ్లో పెట్టుకుని, "వరుణదేవుడు కూడా తాళం వేస్తున్నాడండి, లయే కుదరట్లేదు" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆయనకి మళ్లీ తీరిక దొరికేసరికి మూడు వారాలు పట్టింది. అప్పటికి ఆయన గొంతు వేరేలా ఉంది. రెండు ముక్కలూ కలిపితే అతుకు ఎక్కడ పడిందో చిన్నపిల్లాడికి కూడా తెలిసిపోయింది.

మన దగ్గర జూన్‌లో మొదలైన వాన తుపాన్లతో కలిపి నవంబరు దాకా వదలదు. అంటే ఏడాదిలో సగం రోజులు రేకుల కింద స్టూడియో ఆకాశం వైపు చూస్తూ కూర్చోవాలి. ఎండాకాలం ఇంకో బాధ. ఏసీ ఆపితే పది నిమిషాల్లో పాడేవాడికి చెమటలు పడతాయి, ఆపకపోతే ఏసీ రొద పాటలోకి వచ్చేస్తుంది. 14 లక్షల కొటేషన్‌లో ఇవేవీ రాసి ఉండవు.

ఇప్పుడు కొట్టు. పాత కొట్టు అంటే లావుపాటి గోడలు, ఒకటే గుమ్మం, ఉంటే ఒక చిన్న కిటికీ, నెత్తిన స్లాబు. మీ పెద్దవాళ్లు దొంగలూ ఎలకలూ దూరకుండా కట్టుకున్నారు. శబ్దం కూడా దూరని గది అయిందని వాళ్లకి తెలియదు. బయటి చప్పుడుని ఆపేది బరువు. గోడకి అతికించే స్పాంజి బయటి చప్పుడుని ఆపదు, లోపల పుట్టే ప్రతిధ్వనిని కాస్త తగ్గిస్తుందంతే. ఈ రెండు పనులకీ తేడా తెలియక మనవాళ్లు లక్షలు పోస్తున్నారు. ఇంకోటి, గాలి దూరే సందులోంచి శబ్దమూ దూరుతుంది. తొమ్మిదంగుళాల గోడ ఉండి తలుపు కింద అరంగుళం ఖాళీ ఉంటే ఆ గోడ ఉన్నా లేనట్టే. కాబట్టి కిటికీని ఇటుకతో మూయించు. గుమ్మానికి బరువైన చెక్క తలుపు పెట్టించి, చుట్టూ రబ్బరు బీడింగు వేసి, కింద గడపకి ఆనేలా చేయించు. కొట్టు మీద మీ వంటిల్లు ఉంటే గ్రైండరు అవతలి గదికి మార్పించు. అమ్మగారికి ఈ ముక్క నువ్వే చెప్పుకో.

చీకటిగా ఉంటుందన్నావు. లైటు వెయ్యి.

అన్నిటికంటే ముందు టేపు పట్టుకుని గది కొలువు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదేసి అడుగులుంటే కష్టం. పదడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న గోడల మధ్య 56 హెర్ట్జ్ (సెకనుకి 56 ఊపులు) దగ్గర శబ్దం నిలబడిపోయి, అసలు ఉన్నదానికంటే పెద్దగా వినపడుతుంది. బేస్ గిటార్ మీద ఎ తీగని వదిలేసి మీటితే వచ్చేది 55. అంటే ఆ ఒక్క స్వరం గదంతా గుమ్మని మోగుతుంది, దాని పక్క స్వరం మామూలుగా ఉంటుంది. మూడు కొలతలూ ఒకటే అయితే మూడు జతల గోడలూ కలిసి ఆ ఒక్క స్వరాన్నే మోగిస్తాయి. బేస్, అంటే పాటలో లోతుగా మోగే స్వరాలు, ఎక్కువైందనుకుని నువ్వు తగ్గిస్తావు. ఆ పాట పట్టుకెళ్లి కారులో వేస్తే బేస్ ఉండదు. నీ చెవి తప్పు కాదు, గది చెప్పిన అబద్ధం. ఒక వైపు పన్నెండు అడుగులుంటే అక్కడ మోత 47 దగ్గరికి దిగుతుంది, భారం ఒక్క స్వరం మీదే పడదు. అందుకని మూడు కొలతలూ వేరువేరుగా ఉన్న గది దొరికితే అదృష్టం అనుకో.

గోడలకి కోడిగుడ్ల అట్టలు కొట్టమని ఎవరో ఒకరు చెబుతారు. వినకు. అవి బయటి చప్పుడు ఆపవు, లోపలి బేస్‌ని ముట్టుకోవు, బొద్దింకలకి మాత్రం బాగా నచ్చుతాయి, నిప్పు తగిలితే భగ్గుమంటాయి. నీ దగ్గరే దొరికే సరుకు కొబ్బరి పీచు. పీచుతో చేసిన మందపాటి షీట్లని చెక్క ఫ్రేములో బిగించి, గుడ్డ కప్పి, గోడకి నాలుగంగుళాలు ఎడంగా నిలబెట్టు. గొంతు, సన్నాయి పలికే స్వరాల దగ్గర శబ్దాన్ని పీచు బాగా పీల్చుకుంటుంది. బేస్ దగ్గర పీచు చాలదు. 100 హెర్ట్జ్ శబ్దానికి అల పొడవే దాదాపు మూడున్నర మీటర్లు, రెండంగుళాల షీటు దానికి లెక్కే కాదు. దానికోసం నాలుగు మూలల్లో నేల నుంచి స్లాబు దాకా రాక్‌వూల్ (రాతి నారతో చేసే దూది లాంటి సరుకు) దట్టంగా పెట్టించు. పీచుకి తడి తగిలితే ముక్క వాసన వస్తుంది, పైగా అది కాలే సరుకు. కాబట్టి వైరింగు ఇనప పైపులో వేయించు, గది పొడిగా ఉంచు. ఒక సంగతి చెప్పనా? ఇప్పుడు కాయల గుట్ట ఉంది కాబట్టి ఆ కొట్టు బాగానే పలుకుతూ ఉండాలి. కాయలు తీసేశాక చప్పట్లు కొట్టి చూడు, అప్పుడు తెలుస్తుంది అసలు మోత.

కరెంటు గురించి ఒక్క పేరాలో ముగిస్తాను. హెడ్‌ఫోన్లలో సన్నగా 'గుయ్' మని వినపడితే అది మన 50 హెర్ట్జ్ కరెంటు, లేదా దాని రెట్టింపు. స్టూడియోకి మంచి ఎర్తింగ్ ఉండేలా చూసుకో. సామానంతా ఒకే బోర్డు నుంచి నడిపించు. మైకు కేబుళ్లని కరెంటు వైర్ల పక్కన పడుకోబెట్టకు, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించు. ఇంట్లో ఉన్న పాత ఇన్వర్టర్ స్క్వేర్‌వేవ్‌ది అయితే దాని మీద రికార్డు చేయకు, సైన్‌వేవ్‌ది తీసుకో.

మీ మావయ్య మాటకొద్దాం. ఆయన్ని చూసి నవ్వుకోకు. 1957 నాటి కాపీరైట్ చట్టం దాదాపు ఆయన మాటే అంటుంది. సౌండ్ రికార్డింగుకి ప్రొడ్యూసర్ అంటే దాన్ని చేయడానికి చొరవా, బాధ్యతా తీసుకున్నవాడు అని అందులో ఉంది. చర్చివాళ్లు డబ్బిచ్చి చేయించుకుంటే మామూలుగా ఆ రికార్డింగు వాళ్లదే. నువ్వు పాటని ఊహించి, వాయిద్యాలు ఎంచి, పాడించి, మిక్స్ చేసి ఇచ్చినా సరే. కానీ బాణీ నువ్వు కట్టి ఉంటే, అది జీతానికి చేసిన పని కాకపోతే, బాణీ మీద హక్కు వేరు, అది నీది. అది చేతులు మారాలంటే కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితంలో ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లు, ఎక్కడెక్కడో రాయకపోతే మన దేశం వరకు. 2012లో చట్టం మార్చాక, పాట రాసినవాళ్లకీ బాణీ కట్టినవాళ్లకీ హక్కులు కొనుక్కున్నవాళ్లతో సమానంగా రాయల్టీ వాటా ఉంది. అది వదులుకుంటున్నానని నీ చేత సంతకం పెట్టించుకున్నా చెల్లదు. ఆ రాయల్టీలు వసూలు చేసి పంచేది ఐపీఆర్ఎస్ అనే సంస్థ. బాణీలు బయటికి వచ్చాయి కాబట్టి సభ్యత్వానికి దరఖాస్తు పెట్టు.

నీ జానపదానికి డబ్బు ఎందుకు రాలేదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. చానెల్ నీ స్నేహితుడిది, యూట్యూబ్ ఇచ్చేది చానెల్ యజమానికి. మీ ఇద్దరి మధ్య ఒక్క వాట్సాప్ మెసేజి కూడా లేదని నాకు ఘంటాపథంగా తెలుసు, ఎందుకంటే స్నేహితుల మధ్య ఎవరూ రాసుకోరు. ఈసారి పాట మొదలుపెట్టకముందే ఎవరు రాశారు, ఎవరు కట్టారు, ఎవరు పాడారు, ఎవరి డబ్బు, ఎవరికెంత వాటా అని ఒక కాగితం మీద రాసి అందరూ సంతకాలు పెట్టండి. స్నేహం చెడదు. రాసుకోకపోతేనే చెడుతుంది. ఇంకా ఒక మాట. ఆ జానపదం ఏ పెద్దావిడ నోట విన్నావో ఆవిడ పేరు వీడియో కింద ఉందా?

నీ ఉత్తరం నిండా రెండు పనులు ఒకటిగా కలిసిపోయాయి. స్టూడియో యజమాని రైసుమిల్లు ఆసామి లాంటివాడు. ఎవరి ధాన్యం వచ్చినా ఆడించాలి, మిల్లు ఖాళీగా ఉంటే నష్టం. మ్యూజిక్ ప్రొడ్యూసర్ పెళ్లివంటల మేస్త్రీ లాంటివాడు. గరిట పట్టుకుని ఎక్కడికైనా వెళ్లగలడు, పందిరి ఎవరిదైతేనేం, పులుసు రుచి ఆయనది. నువ్వు రెండోవాడివి కావాలని కోరుకుంటూ మొదటివాడి ఖర్చు నెత్తిన పెట్టుకోబోతున్నావు. మేస్త్రీగా పేరు వచ్చాక మిల్లు పెట్టొచ్చు. మిల్లు పెట్టేస్తే మేస్త్రీతనం రాదు. 14 లక్షలు పెట్టినవాడు ఆ డబ్బు రాబట్టుకోవడం కోసం ఏ పనైనా ఒప్పుకోవాల్సి వస్తుంది. రోజంతా ఎవరో ఒకరి గొంతు సరిచేయడమే సరిపోయి, సొంత బాణీ కట్టడానికి ఓపిక ఉండదు. ఆ బతుకు హైదరాబాద్‌లో రెండేళ్లు చూసే వచ్చావు.

రాజమండ్రిలో 1936లోనే దుర్గా సినీటోన్ అని సినిమా స్టూడియో కట్టారు. తర్వాత దశాబ్దాలపాటు తెలుగు సినిమా పాట చాలావరకు మద్రాసులోనే రికార్డయింది. శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణగారైనా, కొవ్వూరులో పుట్టిన కీరవాణిగారైనా పని కోసం ఊరు దాటినవాళ్లే. ఇప్పుడు ఫైలు దాటితే చాలు, మనిషి దాటక్కర్లేదు. అయినా సినిమా పాటే కావాలంటే హైదరాబాద్ మనుషులతో పరిచయం తప్పదు, అది ఫోనులోనే అయిపోతుందని నేను చెప్పను. నీ రెండేళ్లలో ఎవరి పక్కన కూర్చున్నావో వాళ్లతో మాట తెంచుకోకు. నెలకోసారైనా పలకరించు, నువ్వు చేసిందేదో వినిపించు.

ఇక్కడ పని ఉందా అంటే ఉంది, పంటలాగా సీజన్లవారీగా ఉంది. సెప్టెంబరు నుంచి క్రిస్మస్ పాటలు. కార్తీకం రాగానే అయ్యప్ప మాలల పాటలు. మాఘంలో అంతర్వేది కల్యాణం, దానికి ముందే నరసింహస్వామి పాటలు. వాడపల్లి వెంకన్న గుడికి ఏడు శనివారాల భక్తులు వచ్చాక ఆయన పాటలకి లోటే లేదు. పెళ్లిళ్లకి వధూవరుల పేర్లు కలిపి పాట చేసివ్వమంటారు. సినిమా బాణీ మీద పేర్లు మార్చి ఇవ్వమంటే ఒప్పుకోకు, యూట్యూబ్‌లో పెట్టగానే కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది. సొంత బాణీ కట్టి నాలుగు రూపాయలు ఎక్కువ తీసుకో. ఇక ఎన్నికలప్పుడు నిద్ర ఉండదు, డబ్బు మాత్రం పాట చేతిలో పెట్టకముందే తీసుకో. ఓడిపోయినవాడు ఇవ్వడు, గెలిచినవాడు దొరకడు.

వీటన్నిటికంటే నేను ఎక్కువ ఆశ పెట్టుకున్నది వేరే ఉంది. డోలు, సన్నాయి, జాతర్లలో గరగల వాయిద్యం, బుర్రకథలో వంత పాడేవాళ్లు, ఊడ్పుల పాటలు పాడే ఆడవాళ్లు, వీళ్లు మనూళ్లలో ఉన్నారు. సిటీలో ప్రోగ్రామర్లు సన్నాయి కావాలంటే కీబోర్డు మీద నొక్కుతారు. స్వరాలు వస్తాయి, ఆ జారుడు రాదు. నిశ్శబ్దంగా ఉండే గది, మైకు పెట్టడం తెలిసిన కుర్రాడు, సమయానికి వచ్చే సన్నాయి ఆయన, ఈ మూడూ అంబాజీపేట దగ్గర దొరుకుతాయని తెలిస్తే వాళ్లే ట్రాకు పంపి వాయించి పంపమంటారు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలు, లయ ఎంతో ఫైలు పేరులోనే రాసి, చెప్పిన రోజున పంపు. సన్నాయికి మైకు మరీ దగ్గర పెట్టకు. మూడు నాలుగడుగుల దూరంలో, గొట్టం నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకి పెట్టి చూడు. ఆ దూరంలో గది వినపడిపోతుంది, అందుకే గది గురించి ఇంతసేపు విసిగించాను.

మనుషుల్ని పాడించడం సామాను కంటే కష్టం. మొగల్తూరు వైపు నుంచి ఊడ్పుల పాటలు పాడే ఒకావిడని తీసుకొచ్చారు. డెబ్భై ఏళ్లుంటాయి. నిలబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, అద్దం అవతలి నుంచి చెయ్యి ఊపాను. ఆవిడ గొంతు పెగల్లేదు. నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లూ ఆగిపోయింది. "నా గొంతు నాకే వేరేవాళ్లదిలా వినపడతంది బాబూ" అంది. అప్పుడు బుద్ధొచ్చింది నాకు. హెడ్‌ఫోన్లు తీసేశాను. లైటు తగ్గించి, నేల మీద పీట వేసి, మైకుని పీట ఎత్తుకి దించాను. ఆవిడతో వచ్చిన కోడల్ని ఎదురుగా కూర్చోబెట్టి, పాట అందుకోమన్నాను. చేతులు వాటంతటవే నాట్లు వేస్తున్నట్టు ఊగడం మొదలైంది. గాజుల చప్పుడు రికార్డులో పడింది. తీసేద్దామా అనుకుని, ఉంచేశాను. ఆ పాటలో ఇప్పటికీ అందరూ అడిగేది ఆ గాజుల గురించే.

సామాను. ల్యాప్‌టాప్ ఉంది. పెద్ద మిక్సర్ నీకు అక్కర్లేదు, అది ఫొటోల్లో బాగుంటుంది. ఒకసారికి ఒకరో ఇద్దరో పాడతారు, దానికి రెండు చానెళ్ల ఇంటర్‌ఫేస్ (మైకుని ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె) చాలు, ఫోకస్‌రైట్ స్కార్లెట్ లాంటిది. డోలుకీ, డప్పుకీ, గట్టి గొంతులకీ ఒక షూర్ ఎస్ఎం57. 1965లో వచ్చిన మైకు, ఇప్పటికీ దాన్ని మించి చాకిరీ చేసేది తక్కువ. గొంతులకి పాతికవేల లోపు మంచి కండెన్సర్ మైకు ఒకటి. లక్షన్నర మైకు రేకుల కింద పెడితే వానని లక్షన్నర నాణ్యతతో రికార్డు చేస్తుంది. చెవి మూసుకునే హెడ్‌ఫోన్లు రెండు జతలు, ఐదంగుళాల స్పీకర్లు ఒక జత. కొట్టులాంటి చిన్న గదిలో ఎనిమిదంగుళాల స్పీకర్లు పెడితే మూలల్లో గుమగుమే మిగులుతుంది. నీ ఎఫ్ఎల్ స్టూడియో దొంగ కాపీ అయితే, కోపం తెచ్చుకోకు, డబ్బు తీసుకుని పని చేసేటప్పుడు అది పనికిరాదు. రీపర్ అని అలాంటి సాఫ్ట్‌వేరే ఇంకోటి ఉంది, చిన్న వ్యాపారాలకి 60 డాలర్లకే వస్తుంది. గది, కరెంటు, సామాను అన్నీ కలిపి నా లెక్కలో మూడు లక్షలు దాటకూడదు. అంత చేతిలో లేకపోతే ముద్ర లోను అడుగు, తోట పత్రాలు మాత్రం బీరువాలోనే ఉండనీ.

కండెన్సర్ మైకుని మాత్రం పసిపిల్లలా చూసుకోవాలి మన గాలికి. లోపల బంగారు పూత పూసిన పల్చటి పొర ఉంటుంది, దాని మీద విద్యుత్ నిలబడితేనే అది పలుకుతుంది. గాలిలో తడి ఎక్కువైతే ఆ విద్యుత్ కారిపోయి, పాట మధ్యలో చిటపటమని నూనెలో ఆవాలు వేసినట్టు వినపడుతుంది. నేను మొదటిసారి మైకు పాడైందనుకుని మద్రాసు పంపాను. వాళ్లు ఆరబెట్టి తిరిగి పంపించారు, కొరియర్ ఖర్చు నాకు మిగిలింది. అప్పటినుంచి గట్టి మూతున్న స్టీలు డబ్బాలో సిలికాజెల్ సంచులు వేసి, పని అవగానే మైకు అందులో పెడుతున్నాను. ఏసీలో చల్లబడ్డ మైకుని ఒక్కసారి బయటి ఉక్కలోకి తీయకు, చల్లటి గ్లాసుకి పట్టినట్టే దానికీ చెమ్మ పడుతుంది.

మిక్స్ చేసిన పాటని మూడు చోట్ల విను: ఫోను స్పీకరులో, ఊళ్లో తిరిగే ఆటోలో, వీలైతే మైక్‌సెట్ హారన్‌లో. తీర్థాల్లో మన పాట మోగేది హారన్‌లోనే. దానికి బేస్ పలకదు. బేస్ మీద ఆధారపడి కట్టిన పాట అక్కడ ఎముకల గూడులా మిగులుతుంది. మాట స్పష్టంగా ఉంటే పాట బతుకుతుంది.

చుట్టాల సంగతి నువ్వు అడగలేదు కానీ వస్తారు. సగం అడ్వాన్సు, రెండుసార్లు మార్పులు ఉచితం, మూడోసారికి డబ్బులు, పూర్తిగా కట్టాకే ఫైలు. ఈ నాలుగు ముక్కలూ రాసి గోడకి అతికించు. మీ బాబాయి అయినా గోడ చదువుతాడు. నువ్వు నోటితో చెప్పక్కర్లేదు.

ఒక తప్పు నేను చేశాను, నువ్వు చేయకు. ఒక సంఘంవాళ్ల ఎనిమిది పాటలు, నాలుగు నెలల పని, ఒకే హార్డ్‌డిస్కులో ఉంచాను. క్రిస్మస్ ఇంకో పది రోజులుందనగా అది టిక్ టిక్ అని ఆగిపోయింది. డబ్బు వెనక్కి ఇచ్చాను. పాడినవాళ్ల ముఖాలు మాత్రం ఇప్పటికీ గుర్తొస్తాయి. ప్రతి పాటా మూడు చోట్ల ఉండాలి, అందులో ఒకటి ఆ ఇంటికి బయట ఎక్కడైనా.

ఈ దింపు కాయలు అమ్ముడుపోయి కొట్టు ఖాళీ అయ్యాక, తుడిచి, ఒక రాత్రి పది గంటలకి ఫోను అందులో పెట్టి రికార్డింగ్ ఆన్ చేసి, తలుపేసి వెళ్లిపో. గంట తర్వాత తీయి. తెల్లవారుజామున నాలుగున్నరకి ఇంకో గంట. గుడి మైకు, కోళ్లు, కాలవ మోటారు, ఏం పడ్డాయో హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, గంటలవారీగా ఒక కాగితం మీద రాయి. ఆ కాగితం, గది మూడు కొలతలు నాకు పంపు. తలుపు సంగతి మనిద్దరం కలిసి చూద్దాం.